ఈల ఇంకా మోగలేదు

తప్పు జరిగింది. అంపైర్ చూశాడు. తప్పు చేసిన ఆటగాడికి తెలుసు, దెబ్బ తిన్నవాడికి తెలుసు, గట్టుమీద కూర్చున్న మనకూ తెలుసు. అయినా ఈల మోగలేదు. అంపైర్ ఒక చెయ్యి పైకెత్తి ఆటను సాగనిస్తున్నాడు. ఆ రెండు మూడు సెకన్లలో బంతి ఎవరి కర్ర దగ్గర ఉందో ఆ మనిషి ఏం చెయ్యాలి? ఈ పాఠంలో మనం ఆలోచించబోయేది ఆ ఒక్క ప్రశ్ననే. చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. దీని వెనక దాదాపు నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది, కొంచెం లెక్క ఉంది, మన జార్ఖండ్ కథ కూడా ఉంది.

ఈ ప్రశ్నకు అన్నిటికంటే స్పష్టమైన రూపం ఐస్ హాకీలో దొరుకుతుంది. జంషెడ్‌పూర్‌లో కూర్చుని ఐస్ హాకీ గురించి చెప్పడమేమిటని మీరు నవ్వవచ్చు. నిజమే, ఈ ఊళ్ళో నీరు గడ్డ కట్టేంత చలి పడదు. ఇక్కడ మనం రోజూ చూసేది దానికి పూర్తిగా ఎదురు, 1500 డిగ్రీలు దాటిన వేడిలో కరిగే ఇనుము. మన దేశంలో ఐస్ హాకీ అంటే ప్రధానంగా లడఖ్, ఆపైన 1920 నుంచి సహజమైన మంచు మైదానం ఉన్న సిమ్లా. 1989లో భారతదేశం అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో సభ్యత్వం పొందింది. 2025లో మన మహిళల జట్టు ఆసియా కప్‌లో కంచు పతకం తెచ్చింది. అయితే ఐస్ హాకీకీ మన మైదానపు హాకీకీ ఉన్న చుట్టరికం చాలా దగ్గరిది. అక్కడినుంచే మొదలుపెడదాం.

1875 మార్చి 3న కెనడాలోని మాంట్రియల్ నగరంలో, విక్టోరియా స్కేటింగ్ రింక్ అనే కప్పు ఉన్న భవనంలో, జేమ్స్ క్రైటన్ అనే యువకుడు తన స్నేహితులతో ఒక ఆట ఏర్పాటు చేశాడు. బంతి ఎగిరి ప్రేక్షకులకు తగులుతుందేమోనని దాని బదులు చదునైన చెక్క బిళ్ళ వాడారు. నాలుగు గోడల మధ్య జరిగిన మొదటి ఐస్ హాకీ పోటీగా చరిత్రలో నిలిచింది ఇదే. రెండేళ్ళ తర్వాత, 1877లో, మాంట్రియల్ గెజెట్ పత్రిక ఆ ఆట నిబంధనలను అచ్చువేసింది. మొత్తం ఏడు. వాటిని చదివితే ఆశ్చర్యం వేస్తుంది. దాదాపు అన్నీ అప్పటికి ఇంగ్లండులో పచ్చిక మీద ఆడుతున్న హాకీ నిబంధనలే. ఆట మొదలుపెట్టే పద్ధతిని కూడా 'బుల్లీ' అనే పిలిచారు. మన పాత తరం హాకీ ఆటగాళ్ళకు ఆ మాట బాగా తెలుసు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, కర్రలు నేలకూ ఒకదానికొకటికీ తాకించి, ఆ తర్వాత బంతిని అందుకోవడం.

ఒకే తల్లి బిడ్డలు అనుకోండి. ఒకరు మంచుదేశంలో పెరిగారు, ఇంకొకరు బ్రిటిష్ సైనికుల వెంట కలకత్తా, లాహోర్, రాంచీ దారులు పట్టారు. పెరిగిన చోటునుబట్టి బుద్ధులు మారాయి. ఒక పోలిక మాత్రం అలాగే ఉండిపోయింది. ఈనాటి ఐస్ హాకీ బిళ్ళను 'పక్' అంటారు. గట్టి రబ్బరుతో చేసిన ఈ పక్ బరువు సుమారు 156 నుంచి 170 గ్రాములు. మన హాకీ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. తూకం వేస్తే ఇంచుమించు సమానం. ఆటకు ముందు పక్‌ను మంచులో పెట్టి చల్లబరుస్తారు. మామూలు వేడిలో రబ్బరు ఎగిరెగిరి పడుతుంది, చల్లబడితే దాని సాగేగుణం తగ్గి నేలకు అంటిపెట్టుకుని జారుతుంది. విజ్ఞానశాస్త్ర పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను. ఇక అసలు విషయానికి వద్దాం.

ఐస్ హాకీలో ఒక్కో జట్టుకు మంచుమీద గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు ఉంటారు. ఎవరైనా చిన్న తప్పు చేస్తే, ఉదాహరణకు కర్రతో ఎదుటివాడి కాలికి అడ్డుపడితే, రెండు నిమిషాలు పక్కన ఒక గూటిలో కూర్చోవాలి. అతని బదులు మరొకరిని దించకూడదు. అంటే గోల్‌కీపర్లను వదిలేస్తే ఐదుగురి మీద నలుగురు. ఎక్కువమంది ఉన్న జట్టుకు అది 'పవర్ ప్లే'. క్రికెట్‌లో మనం వినే పవర్ ప్లే వేరు, ఇది వేరు. ఇక్కడ నిజంగానే ఎదుటి జట్టులో ఒక మనిషి తక్కువ.

పూర్వం ఆ రెండు నిమిషాలూ పూర్తిగా కూర్చోవాల్సిందే, ఎన్ని గోల్స్ పడినా సరే. 1955 నవంబర్ 5న మాంట్రియల్ కెనేడియన్స్ జట్టుకు చెందిన జాన్ బెలివో, బోస్టన్ జట్టు మీద ఒకే పవర్ ప్లేలో 44 సెకన్లలో మూడు గోల్స్ కొట్టాడు. ఒకే పవర్ ప్లేలో మూడు గోల్స్ శిక్షా? అది మరీ ఎక్కువ అనిపించింది. 1956-57 సీజన్ నుంచి ఉత్తర అమెరికా జాతీయ లీగ్ నిబంధన మార్చింది. చిన్న తప్పుకు శిక్ష అనుభవిస్తున్నప్పుడు ఎదుటి జట్టు ఒక గోల్ కొడితే గూటిలోని ఆటగాడు వెంటనే తిరిగి రావచ్చు. ఈ మార్పును గుర్తుంచుకోండి, మన లెక్కలో పనికొస్తుంది.

అంతకుముందే, 1925-26లో, ఆ లీగ్ మరో హద్దు గీసింది. ఎన్ని తప్పులు జరిగినా ఒక జట్టుకు మంచుమీద కనీసం నలుగురు ఉండాలి. అంటే గోల్‌కీపర్‌ను వదిలేస్తే ముగ్గురు. అందుకే ఐస్ హాకీలో ఐదుగురి మీద ముగ్గురు అన్నది చిట్టచివరి మెట్టు. మూడో తప్పు జరిగినా దాని శిక్ష ముందున్న శిక్షలు తీరేదాకా ఆగాలి.

ఇప్పుడు 'ఆగిన ఈల' దగ్గరికి వద్దాం. మీ జట్టు దగ్గర పక్ ఉంది. ఎదుటివాడు తప్పు చేశాడు. రిఫరీ వెంటనే ఈల ఊదితే ఏమవుతుంది? మీ దాడి ఆగిపోతుంది. గోల్ పడబోతుండగా ఎదుటివాడు కావాలనే తప్పు చేసి ఆట ఆపేయవచ్చు. తప్పు చేసినవాడికి తప్పే రక్షణ అవుతుంది. అందుకని రిఫరీ చెయ్యెత్తి ఊరుకుంటాడు. తప్పు చేసిన జట్టు పక్‌ను స్వాధీనం చేసుకున్న క్షణంలో మాత్రమే ఈల మోగుతుంది. అప్పటిదాకా పక్ మీదే.

ఇందులోంచి ఒక తమాషా పుడుతుంది. ఎదుటి జట్టు పక్ అందుకోగానే ఆట ఆగుతుంది కాబట్టి వాళ్ళు మీ మీద గోల్ కొట్టలేరు. మరి గోల్‌కీపర్‌తో పనేముంది? ఆయన్ను పిలిచేసి, ఆయన స్థానంలో మరో దాడి ఆటగాణ్ణి దించవచ్చు. ఆట చివర్లో గోల్‌కీపర్‌ను తీసేసే ఎత్తును బోస్టన్ జట్టు శిక్షకుడు ఆర్ట్ రాస్ 1931 మార్చిలో మాంట్రియల్‌పై మొదట వేశాడని చెబుతారు. అది సాహసం, ఖాళీ గోల్‌లోకి ఎవరైనా కొట్టేయవచ్చు. ఆగిన ఈల సమయంలో మాత్రం ఈ ఎత్తు దాదాపు ఖర్చులేనిది.

'దాదాపు' అని ఎందుకన్నానో చెప్తాను. 1979 నవంబర్ 28న డెన్వర్‌లో కొలరాడో రాకీస్, న్యూయార్క్ ఐలాండర్స్ ఆడుతున్నారు. ఐలాండర్స్ తప్పు చేశారు, రిఫరీ చెయ్యెత్తాడు, కొలరాడో తన గోల్‌కీపర్‌ను పిలిచేసింది. కొలరాడో కొట్టిన పక్ ఐలాండర్స్ గోల్‌కీపర్ బిల్లీ స్మిత్ ఒంటికి తగిలి పక్కకు పోయింది. తగలడం స్వాధీనం చేసుకోవడం కాదు కాబట్టి ఈల మోగలేదు. ఆ పక్‌ను కొలరాడో ఆటగాడు రాబ్ రామేజ్ అందుకుని, వెనక తనవాడున్నాడనుకుని చూడకుండా వెనక్కి పంపాడు. అక్కడ ఎవరూ లేరు. పక్ మంచుమీద అలా జారుతూ జారుతూ పోయి వాళ్ళ సొంత ఖాళీ గోల్‌లోనే పడింది. ఐలాండర్స్ తరఫున పక్‌ను చివరిగా తాకింది స్మిత్ కాబట్టి గోల్ ఆయన పేరునే రాశారు. ఆ లీగ్ చరిత్రలో గోల్‌కీపర్ పేరున నమోదైన మొదటి గోల్ అది. పచ్చికమీద అయితే బంతి మధ్యలో ఎక్కడో ఆగేది. మంచుమీద ఘర్షణ చాలా తక్కువ, రింక్ పొడవు 61 మీటర్లు, పక్‌కు ఆగే కారణం దొరకలేదు. విచిత్రమేమిటంటే ఆ రోజు గెలిచింది కొలరాడోనే, 7-4తో.

సరే, ఇప్పుడు కాస్త చిక్కైన సందర్భం. మీ జట్టు అప్పటికే పవర్ ప్లేలో ఉంది, ఐదుగురి మీద నలుగురు. మొదటి శిక్షలో ఇంకా కొన్ని సెకన్లు మిగిలి ఉన్నాయి. సరిగ్గా అప్పుడు ఎదుటి జట్టు ఇంకో తప్పు చేసింది, చెయ్యి లేచింది. మీ గోల్‌కీపర్ బయటికి పరుగెత్తాడు. ఇప్పుడు మీరు ఆరుగురు, వాళ్ళు నలుగురు. పక్ మీ కర్ర దగ్గరుంది. ఇలాగే ఆడుతూ ఉండాలా? ఆట తొందరగా ఆగేలా చూసి ఐదుగురి మీద ముగ్గురు అనే మెట్టుకు వెళ్ళాలా?

కాగితం, పెన్సిల్ తీసుకోండి. మొదటి శిక్షలో 50 సెకన్లు మిగిలాయనుకుందాం. ఈల ఇప్పుడే మోగితే ఏమవుతుంది? 50 సెకన్లు ఐదుగురి మీద ముగ్గురు. మొదటివాడు తిరిగొచ్చాక, రెండో శిక్షలో మిగిలిన 70 సెకన్లు ఐదుగురి మీద నలుగురు. మొత్తం 120 సెకన్లు. మీరు పక్‌ను 10 సెకన్లు నిలుపుకుని ఆడాక ఈల మోగితే? 10 సెకన్లు ఆరుగురి మీద నలుగురు, తర్వాత 40 సెకన్లు ఐదుగురి మీద ముగ్గురు, తర్వాత 80 సెకన్లు ఐదుగురి మీద నలుగురు. మొత్తం 130 సెకన్లు. ఈ తేడాకు కారణం ఒకటే. మొదటి శిక్ష గడియారం ఆటతోపాటు నడుస్తూనే ఉంది. రెండో శిక్ష గడియారం ఈల మోగాక గాని మొదలవదు.

రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పక్‌ను నిలుపుకున్న ప్రతి సెకనుకూ ఆరు-నాలుగు ఆట ఒక సెకను వస్తుంది, ఐదు-నాలుగు ఆట ఇంకో సెకను వస్తుంది, ఐదు-మూడు ఆట ఒక సెకను పోతుంది. రెండు నాణేలు ఇచ్చి ఒక నాణెం తీసుకోవడం అన్నమాట. కాని తీసుకునే నాణెం పెద్దది. ఐదు-నాలుగులో గోల్ పడే అవకాశం సెకనుకు ఒక పాలు అనుకుందాం. ఆరు-నాలుగులో ఒకటిన్నర పాలు, ఐదు-మూడులో మూడు పాలు అనుకుందాం. ఇవి లెక్కకోసం నేను పెట్టుకున్న అంకెలే సుమా. ఒకటీ ఒకటిన్నరా కలిపితే రెండున్నర, పోయేది మూడు. కాబట్టి తొందరగా ఆపడమే లాభం. అదే ఐదు-మూడు విలువ మూడుకు బదులు రెండే అయితే? ఆగకుండా ఆడడమే లాభం. చివరకు తేలేది ఏమిటంటే, మీ జట్టు ఐదు-మూడులో ఎంత బాగా ఆడుతుందో తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు.

మొదటి శిక్షలో మిగిలింది ఐదారు సెకన్లే అయితే ఈ లెక్కంతా అనవసరం. ఆ ఐదారు సెకన్ల ఐదు-మూడు కోసం చేతిలో ఉన్న పక్‌ను ఎవరూ వదులుకోరు. నిలుపుకుని ఆడాల్సిందే.

గోల్ పడితే ఏమిటి? ఈ చోటే చాలామంది ప్రేక్షకులు పొరబడతారు. మామూలు సమయంలో, అంటే రెండు జట్లూ సమానంగా ఉన్నప్పుడు, ఆగిన ఈల సమయంలో గోల్ పడితే ఆ చిన్న తప్పుకు శిక్ష రద్దయిపోతుంది. గోలే శిక్ష. కాని ఉత్తర అమెరికా లీగ్ నిబంధన ప్రకారం ఎదుటి జట్టు అప్పటికే శిక్షలో ఉంటే, గోల్ పడగానే రద్దయ్యేది పాత శిక్ష. కొత్త శిక్ష అమలవుతుంది. అంటే గోల్ కొట్టాక కూడా మీకు పూర్తిగా రెండు నిమిషాల ఐదు-నాలుగు మిగిలే ఉంటుంది. గోల్ కొట్టినందుకు పోగొట్టుకునేది చాలా తక్కువ.

ఆట ఆపాలంటే ఎలా ఆపాలి? పక్‌ను ఎదుటివాడికి అప్పనంగా ఇచ్చేయడం ఒక దారి. అంతకంటే మంచి దారి గోల్‌లోకి కొట్టడం. పడితే గోల్. ఎదుటి గోల్‌కీపర్ పట్టుకుంటే అది స్వాధీనం చేసుకోవడమే, ఈల మోగుతుంది, ఐదు-మూడు మొదలవుతుంది. అతని ఒంటికి తగిలి తిరిగొస్తే ఆట సాగుతూనే ఉంటుంది. మూడింట్లో ఏదీ నష్టం కాదు. పక్ మీ సొంత సగంలో ఉండి మొదటి శిక్షలో చాలా సమయం మిగిలి ఉంటే మాత్రం అంత దూరం మోసుకుపోవడం దండగ, అక్కడే ముగించడం మేలు. ఇంకో మెలిక ఉంది. ఈల మోగాక ఆటను మళ్ళీ ఇద్దరి మధ్య పక్‌ను జారవిడిచి మొదలుపెడతారు. ఆ పోటీలో ఓడితే ఎదుటివాళ్ళు పక్‌ను దూరంగా కొట్టేస్తారు, దాన్ని తిరిగి తెచ్చుకునేసరికి విలువైన ఐదు-మూడు సెకన్లు కరిగిపోతాయి. చేతిలో కుదురుగా ఉన్న పక్ విలువ ఇందులోనే ఉంది. కాగితం మీద లెక్క ఒక మాట చెబుతుంది, మంచుమీద నిలబడ్డ మనిషికి ఇవన్నీ అర సెకనులో తోచాలి.

ఇక మన మైదానానికి వద్దాం.

లండన్‌లో హాకీ అసోసియేషన్ 1886లో ఏర్పడింది. 1895లోనే కలకత్తాలో బేటన్ కప్ మొదలైంది. జంషెడ్‌పూర్ అప్పటికి లేదు, సాక్చీ అనే పల్లె ఉండేది. టాటా ఉక్కు సంస్థ 1907లో పుట్టింది, 1919లో ఊరికి జంషెడ్‌జీ పేరు పెట్టారు. మధ్యలో, 1908లో, హాకీ నిబంధనల్లోకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. నన్నడిగితే మైదానపు హాకీలో అసలైన పవర్ ప్లే ఇదే. తప్పు చేసిన జట్టులో గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే గోల్ గీత వెనక నిలబడాలి, మిగిలినవాళ్ళు సగం గీత అవతలికి పోవాలి. కొద్ది సెకన్లపాటు దాడిచేసే జట్టుకే మందబలం. ఐస్ హాకీ ఆ అవకాశాన్ని రెండు నిమిషాల పొడవునా సాగదీస్తుంది, మన హాకీ ఒక్క దెబ్బలోకి కుదిస్తుంది. తర్వాతి కాలంలో కార్డులు కూడా వచ్చాయి. ఇప్పుడు ఆకుపచ్చ కార్డుకు రెండు నిమిషాలు, పసుపు కార్డుకు కనీసం ఐదు నిమిషాలు ఆటగాడు బయట కూర్చోవాలి.

మన హాకీలోనూ అంపైర్ ఈల ఆపుతాడు. దీన్ని 'అడ్వాంటేజ్' అంటారు. చెయ్యెత్తి, ఎవరికి లాభమో ఆ వైపు చూపిస్తాడు. పైకి రెండు ఆటల్లోనూ ఒకే సంజ్ఞ. లోపల ఎంత తేడా ఉందో చూడండి. ఐస్ హాకీలో రిఫరీ చెయ్యెత్తితే శిక్ష మీ ఖాతాలో జమ అయినట్టే. మీ దాడి విఫలమైనా నష్టం లేదు. మైదానపు హాకీలో అలా కాదు. అంపైర్ లాభం ఇవ్వాలని ఒకసారి నిర్ణయించాక, ఆ లాభాన్ని మీరు పాడుచేసుకుంటే, వెనక్కి వెళ్ళి మొదటి తప్పుకు ఫ్రీ హిట్ ఇవ్వడం కుదరదు. రెండో అవకాశం లేదని నియమావళిలోనే రాసి ఉంది. తప్పు మోటుదైతే ఆట ఆగాక కార్డు చూపించవచ్చు గాని, బంతి మాత్రం తిరిగి రాదు. పైగా ఎదుటివాడు బంతి అందుకున్నా ఆట ఆగదు. అతను నేరుగా మీ గోల్‌కు పరుగెత్తవచ్చు. కాబట్టి గోల్‌కీపర్‌ను పిలిచేసే తమాషాలకు ఇందులో చోటు లేదు.

ఫుట్‌బాల్ ఈ రెంటికీ మధ్యస్థం. రిఫరీ కొన్ని సెకన్లు చూస్తాడు, అనుకున్న లాభం కలగకపోతే మొదటి తప్పుకే తిరిగి వస్తాడు.

ఈ మూడింట్లో ఏది న్యాయం? నా మట్టుకు నాకు ఐస్ హాకీ నిబంధన తేటగా అనిపిస్తుంది, తరగతిలో చెప్పడానికి బాగుంటుంది. కాని మైదానపు హాకీ నిబంధనే ఆటగాళ్ళను పెంచుతుందనుకుంటాను. అందులో అంపైర్ కూడా ఆటగాడితో సమానంగా ఆలోచించాలి. డీ లోపల బంతి మన అమ్మాయి కర్ర దగ్గర ఉంది, ఎదుటి జట్టు డిఫెండర్ కాలికి బంతి తగిలింది. ఈల ఊదితే పెనాల్టీ కార్నర్. ఊదకపోతే ఆ అమ్మాయి ముందు ఖాళీ గోల్ ఉండవచ్చు. అంపైర్ అర సెకను ఎదురుచూస్తాడు. ఆ అర సెకనులో ఆ అమ్మాయి ఆడుతుందా, ఆగుతుందా?

జంషెడ్‌పూర్ బడి మైదానాల్లో నేను తరచూ చూసేది ఆగిపోవడమే. బంతి ఎదుటివాళ్ళ కాలికి తగలగానే పిల్లలు చెయ్యెత్తి అంపైర్ వైపు తిరుగుతారు. కాలు చూపిస్తారు. అంతలో బంతి పోతుంది. శిక్షకులు మొదటి రోజునుంచీ చెప్పేది ఒకటే, ఈల వినిపించేదాకా ఆడమని. చెప్పడం తేలిక. నాకు అన్యాయం జరిగింది అన్న భావం మనసులో రగులుతుండగా దాన్ని పక్కనపెట్టి బంతిని చూడడం పెద్దవాళ్ళకే కష్టం.

డ్రాగ్ ఫ్లిక్ వచ్చాక ఇంకో చిక్కు తోడయింది. పెనాల్టీ కార్నర్ విలువ పెరిగింది. మంచి ఫ్లిక్కర్ ఉన్న జట్టు డీలోకి దూసుకెళ్ళి, గోల్‌కు కొట్టే బదులు ఎదుటివాళ్ళ కాలు వెతుకుతుంది. ఇందాకటి ఐదు-మూడు లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. మీ జట్టు ఇరవై కార్నర్లలో ఐదు గోల్స్ చేస్తుందనుకోండి, ఆ ఇరుకు కోణంనుంచి ఇరవై దెబ్బల్లో రెండే పడతాయనుకోండి, కాలు వెతకడం తప్పేమీ కాదు. ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కతే ఉండి పదింట్లో నాలుగు పడే చోటైతే కాలు వెతకడం బంతిని పారేసుకోవడమే.

ఇప్పుడు జార్ఖండ్ చరిత్రలో కొంచెం వెనక్కి వెళ్దాం. ఖూంటీ ప్రాంతంలోని టక్రా పల్లెలో 1903లో పుట్టిన జైపాల్ సింగ్ ముండా ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, అక్కడి విశ్వవిద్యాలయ హాకీ జట్టుకు ఆడాడు, ఐ.సి.ఎస్.కు ఎంపికయ్యాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు వెళ్తున్న భారత జట్టుకు నాయకత్వం వహించమని పిలుపు వచ్చింది. ఐ.సి.ఎస్. శిక్షణనుంచి సెలవు దొరకలేదు. ఆయన వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక ఇంకో ఏడాది శిక్షణ చేయమన్నారు, ఆయన ఒప్పుకోలేదు, ఆ ఉద్యోగాన్నే వదులుకున్నాడు. ఆడేది రక్షణ వరుసలో, అంటే ఈల కోసం చూస్తూ నిలబడితే గోల్ పడిపోయే చోట. ఆ ఒలింపిక్స్‌లో భారత్ మీద ఒక్క గోల్ కూడా పడలేదు. ధ్యాన్‌చంద్ ఒక్కడే 14 గోల్స్ కొట్టాడు. జట్టులో వచ్చిన విభేదాలవల్ల ఫైనల్ నాటికి జైపాల్ సింగ్ జట్టుతో లేడు. మే 26న నెదర్లాండ్స్‌ను 3-0తో ఓడించిన ఫైనల్లో పెన్నిగర్ నాయకత్వం వహించాడు. తర్వాత జైపాల్ సింగ్ రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున మాట్లాడాడు, జార్ఖండ్ రాష్ట్రం కోసం పోరాడాడు. ఆ రాష్ట్రం 2000 నవంబర్ 15న ఏర్పడింది. చూడడానికి ఆయన లేడు.

ఆయన తర్వాత ఈ నేల హాకీని వదల్లేదు. సిమ్‌డేగా, ఖూంటీ పల్లెల్లో ఖస్సీ టోర్నమెంట్లు జరుగుతాయి. గెలిచిన జట్టుకు బహుమతి మేకపోతు. వెదురు కర్రలతో, వెదురు దుంప బంతులతో నేర్చుకున్నవాళ్ళు ఇక్కడినుంచి ఒలింపిక్స్ దాకా వెళ్ళారు. 1980 మాస్కోలో స్వర్ణం గెలిచిన జట్టులో సిల్వానస్ డుంగ్‌డుంగ్ ఉన్నాడు. సుమరాయ్ టేటే, అసుంతా లక్రా భారత మహిళల జట్టుకు నాయకత్వం వహించారు. 2016 రియోలో నిక్కీ ప్రధాన్ ఆడింది. ఆమెతోపాటు ఆ తరం భారత జట్టులో గోల్‌కీపర్‌గా చిత్తూరు జిల్లా అమ్మాయి ఇతిమరపు రజని కూడా ఉంది. హైదరాబాద్ ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడిన తర్వాత తెలుగువాళ్ళం హాకీని కొంచెం మరిచిపోయామనిపిస్తుంది, రజని మళ్ళీ గుర్తుచేసింది. శ్రీకాకుళం, విశాఖ వైపునుంచి ఉక్కు పనికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు మాత్రం ఈ ఊళ్ళో హాకీ కర్రలమధ్యే పెరుగుతారు.

1948, 1952, 1956 ఒలింపిక్స్‌లో భారత్ స్వర్ణాలు గెలిచినప్పుడు భారత హాకీ సమాఖ్య అధ్యక్షుడు నావల్ టాటా. ఆయన పేరుతోనే జంషెడ్‌పూర్‌లో హాకీ అకాడమీ నడుస్తోంది. అలాంటి చోట కృత్రిమ పచ్చికమీద ఆడే పిల్లలకు బంతి ఎటు పోతుందో ముందే తెలుస్తుంది, గుంటలూ రాళ్ళూ ఉండవు. కాబట్టి ఆలోచించడానికి మరో పావు సెకను మిగులుతుంది. ఆ పావు సెకనులోనే ఆడాలా ఆగాలా అన్న నిర్ణయం జరుగుతుంది.

2024 జనవరిలో రాంచీలో మహిళల ఒలింపిక్ అర్హత పోటీలు జరిగాయి. ఆ మైదానానికి పేరు జైపాల్ సింగ్‌దే. జట్టులో సలీమా టేటే, నిక్కీ ప్రధాన్ ఉన్నారు, సొంత జనం మధ్య ఆట. జనవరి 18న సెమీఫైనల్లో జర్మనీపై దీపిక పెనాల్టీ కార్నర్‌తో ముందు గోల్ కొట్టింది. జర్మనీ తరఫున షార్లట్ స్టాపెన్‌హార్స్ట్ రెండు కొట్టింది, రెండోది 57వ నిమిషంలో. 59వ నిమిషంలో ఇషికా చౌదరి సమం చేసింది. 2-2. షూటౌట్‌లో 4-3తో జర్మనీ గెలిచింది. మర్నాడు మూడో స్థానం కోసం జపాన్‌తో ఆడి 0-1తో ఓడారు. పారిస్ దారి మూసుకుపోయింది. రాంచీనుంచి రైలెక్కి తిరిగొచ్చిన మన ఊరివాళ్ళు చాలా రోజులు దాని గురించే మాట్లాడుకున్నారు.

అదే ఏడాది పారిస్‌లో, ఆగస్టు 4న, పురుషుల క్వార్టర్ ఫైనల్లో భారత్, గ్రేట్ బ్రిటన్ తలపడ్డాయి. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు ఎర్ర కార్డు చూపించారు. సిమ్‌డేగాకు ఆనుకుని ఉన్న ఒడిశా సుందర్‌గఢ్ జిల్లా వాడే అతను. ఎర్ర కార్డంటే రెండు నిమిషాలూ కాదు, ఐదూ కాదు, ఆట ముగిసేదాకా. నలభై నిమిషాలకు పైగా పదిమందితో ఆడాలి. ఐస్ హాకీవాళ్ళు అంత పొడవైన పవర్ ప్లేను ఊహించుకోలేరు. అయినా 22వ నిమిషంలో హర్మన్‌ప్రీత్ పెనాల్టీ కార్నర్‌తో గోల్ కొట్టాడు. 27వ నిమిషంలో లీ మార్టన్ సమం చేశాడు. ఆ తర్వాత గోల్ లేదు. పదకొండుమంది ఉన్న జట్టు బంతిని ఎంతసేపు తిప్పినా, వెతికిన ఖాళీ దొరకలేదు. షూటౌట్‌లో భారత్ 4-2తో గెలిచింది. మందబలం గోల్‌గా మారాలంటే ఆ అదనపు మనిషి ఎక్కడ నిలబడాలో, బంతిని ఎప్పుడు వదలాలో తెలియాలి. ఇందాక మనం వేసిన పాళ్ళ లెక్కలో ఒకటి, ఒకటిన్నర, మూడు అనే అంకెలు జట్టు జట్టుకూ మారేది అందుకే.

ఆ అంకెలనే మీరు ఇంకోసారి వాడి చూడండి. మొదటి శిక్షలో 80 సెకన్లు మిగిలాయి. చెయ్యి లేచింది. పక్ మీదే, ఎదుటి సగంలో కుదురుగా ఉంది. ఈల మోగాక పక్‌ను జారవిడిచే పోటీలో మీరు సగం సార్లు ఓడిపోతారు, ఓడిన ప్రతిసారీ 20 సెకన్ల ఐదు-మూడు ఆట వృథా అవుతుంది. ఇప్పుడు గోల్‌లోకి కొట్టాలా, మరో పది సెకన్లు పక్‌ను తిప్పాలా? ముందు 20 సెకన్ల ఐదు-మూడు విలువ ఎన్ని పాళ్ళో వేసి, అందులో సగం తీసుకోండి. ఆ తర్వాత ఈల ఎప్పుడు మోగినా ఆ నష్టం తప్పదా, లేక ఆలస్యం చేస్తే తగ్గుతుందా అని చూడండి. మొదటి శిక్షలో మిగిలింది 80 బదులు 15 సెకన్లే అయితే జవాబు ఎలా మారుతుందో కూడా అదే కాగితం మీద కట్టండి.